అడ్డంగా పది గజాలు

ఊరికి నీళ్ళిచ్చే ట్యాంకు ఉన్న కొండ మీద గడ్డి కోసేది మా అక్క. ట్రాక్టరు వెనక కోత యంత్రం తగిలించుకుని పదకొండేళ్ళుగా ఆ వాలు మీదే తిరుగుతోంది. కిందటి వానాకాలం పాత ట్రాక్టరు బోల్తా కొట్టింది. అక్క పైవైపుకి దూకబట్టి భుజం ఎముక విరగడంతో సరిపోయింది. కొత్త ట్రాక్టరు ఎంచుకోవడం అందుకే మాకు సరదా వ్యవహారం కాదు. ఈ సంగతి మా బావకి తప్ప అందరికీ అర్థమైంది.

బావ మందుల షాపు మనిషి. ఇన్నేళ్ళలో ట్రాక్టరు సీటు మీద కూర్చున్న పాపాన పోలేదు.

షోరూంలో అక్క ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇది ఎంత వాలు దాకా నిలబడుతుందండీ?"

సేల్స్ అతను ప్రశ్న అక్క దగ్గర విని, జవాబు బావకి చెప్పాడు. అదీ వాలు గురించి కాదు. "యాభై హెచ్‌పీ సార్. కొండనైనా పిండి చేస్తుంది." రేపట్నించీ తనే నడపబోతున్నట్టు బావ తలూపాడు. అక్క మళ్ళీ అడిగింది. ఈసారి సీటు ఎంత మెత్తగా ఉంటుందో చెప్పాడు, అదీ బావకే. గోడకి చెప్పుకున్నా నయం. గోడ పక్కవాళ్ళ మొహం చూసి మాట్లాడదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ మూలన పొట్టిగా, వెడల్పుగా ఉందే, అది చూద్దామండీ," అంది అక్క.

"అది ఆటబొమ్మలా ఉంది. ఇదైతే రోడ్డు మీద నిండుగా ఉంటుంది. దాన్ని చూస్తే నలుగురూ నవ్వుతారు," అన్నాడు బావ.

"బోల్తా పడితే నవ్వరా బావా?" అన్నాను.

"నువ్వూరుకో," అన్నారిద్దరూ. అక్క కూడా. ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు బావ మెచ్చిన ఆ పొడుగు ట్రాక్టరుని సేల్స్ అతను ట్రయల్‌కి కొండ మీదికి తెచ్చాడు. ట్యాంకు వెనక ప్రహరీ ఉండటంతో పైకీ కిందికీ నడిపే చోటు లేదు, వాలుకి అడ్డంగానే పోవాలి. అక్క నాలుగు గజాలు పోనిచ్చింది. పైవైపు వెనక చక్రం నేలకి ఆనీ ఆననట్టు తేలింది. అంగుళం అంగుళం వెనక్కి చదునుకి తెచ్చి, ఇంజను ఆపి దిగింది. మొహం పాలిపోయింది. భుజం పట్టుకుని బావ దగ్గరికి నడిచింది.

"మీరెక్కండి," అంది బావతో. "అడ్డంగా పది గజాలు చాలు. మీరు పోనిస్తే ఇదే కొందాం."

బావ సీటు వంక చూశాడు, కింది పల్లం వంక చూశాడు. "నాకలవాటు లేదుగా."

"దొర్లిపడటం నాకూ అలవాటు లేదండీ."

సేల్స్ అతను గొంతు సవరించుకున్నాడు. "పుస్తకంలో పదిహేను డిగ్రీల వరకే అని రాసుంది సార్. ఇక్కడ ఇరవై దాటేట్టుంది."

అంటే ఇతనికి నిన్న షోరూంలోనే తెలుసన్నమాట. తిడదామని నోరు తెరిచాను గానీ, ఏ తిట్టూ చాలదనిపించింది.

"ఆ పొట్టిదాని పుస్తకం తెచ్చారా?" అనడిగింది అక్క.

తెచ్చాడు. సంచిలోంచి తీసి బావకి అందించాడు. బావ దాన్ని తెరవకుండానే అక్క చేతిలో పెట్టాడు.