మావయ్య పడిన చోట్లు

మా మావయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, కనీసం పొడుం పీల్చడం కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే అలవాటు. పడిపోతాడు.

కాలు జారి కాదు, కళ్ళు తిరిగి అసలే కాదు. తీరిగ్గా, చోటు చూసుకుని మరీ పడతాడు. ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. నేల శుభ్రంగా ఉందా అని ఓ చూపు చూస్తాడు. ఆపైన "హా" అని గుండె పట్టుకుని వెల్లకిలా పడి, కళ్ళు మూసుకుని, చేతిగడియారం మీట నొక్కుతాడు.

ఇదంతా మా కాలనీకి షాకు పెట్టె వచ్చాక మొదలైంది. ఉన్నట్టుండి గుండె ఆగి కుప్పకూలిన మనిషికి షాకిచ్చి బతికించే యంత్రం అది. అసలు పేరు డీఫిబ్రిలేటర్ అట. మాకు నోరు తిరగక షాకు పెట్టె అనేసుకున్నాం. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగంలో రిటైరైన మావయ్య, ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి దాన్ని తెప్పించాడు. సంఘం అధ్యక్షుడుగారు రిబ్బను కత్తిరించి, ముప్పావుగంట మాట్లాడి, పెట్టెని తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు.

"తాళం ఎందుకండీ?" అన్నాడు మావయ్య.

"పెట్టె పోతేనో?"

"మనిషి పోతేనో?"

"మనిషి పోతే సంతాపసభ పెడతాం. పెట్టె పోతే పైవాళ్ళకి ఎవరు సమాధానం చెప్తారు?"

మావయ్య కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ఆయన బల్ల ముందే పడిపోయాడు. అధ్యక్షుడుగారు కంగారుపడి జేబులన్నీ తడుముకుని తాళంచెవి పట్టుకునేసరికి పదకొండు నిమిషాలు. మావయ్య లేచి బట్టలు దులుపుకుంటూ, "నేను పోయి చాలాసేపైంది. సంతాపసభ ఎప్పుడండీ?" అన్నాడు. మర్నాడే పెట్టె తాళం లేకుండా సంఘం హాలు గుమ్మం పక్కన గోడెక్కింది.

ఆ తర్వాత శిక్షణ. దర్జీ, లైబ్రరీ గుమస్తా, కూరల కొట్టావిడ, ఫొటోగ్రాఫరు, ఇలా పన్నెండు మందిని పోగేశాడు. ఒక రబ్బరు బొమ్మ తెచ్చి, దాని ఛాతీ మీద నొక్కడం నేర్పాడు. "గట్టిగా నొక్కవయ్యా, ఇస్త్రీ చేస్తున్నావా?" అని దర్జీని కసిరేవాడు. నేర్చుకున్నది మర్చిపోకుండా తను పడటం మొదలెట్టాడు. నియమం ఒక్కటే. పడేది తను, నొక్కేది బొమ్మని.

దర్జీ కొట్లో కొలతలిస్తూ పడ్డాడు. లైబ్రరీలో పడ్డాడు. కూరల కొట్లో టమాటాలు ఏరుతూ పడ్డాడు. "మూడు నిమిషాల పది సెకన్లు! ఈపాటికి నా ఫొటో పేపర్లో వచ్చేసేది!" అని నేల మీంచే కేకలేసేవాడు. దాంతో కళ్ళజోడు తుడుచుకుందామని తీసినా చాలు, నలుగురు పెట్టె కోసం పరుగెత్తేవారు. ఫొటోగ్రాఫరైతే ఓసారి "కళ్ళజోడు తీయండి సార్" అనేసి, నాలుక కరుచుకుని, కెమెరా పక్కన పెట్టి బొమ్మ తెచ్చుకున్నాడట.

పిచ్చి ముదిరిందని జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనతో బయటికెళ్ళాలంటే సిగ్గేసేది.

"మీరైనా చెప్పండి అత్తయ్యా."

"చెప్తే వింటారా? పోనీలేరా, పడి లేచిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటున్నారు."

చివరికి సంఘం సమావేశం పెట్టింది. అధ్యక్షుడుగారు ఒక చేత్తో కొత్త తాళంకప్ప, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి తీర్మానం చదివారు. "ఇకమీదట పడదలచిన సభ్యులు మూడు రోజుల ముందుగా లిఖితపూర్వకంగా దరఖాస్తు చేసుకొనవలెను. పడు స్థలము, సమయము, కారణము తెలుపవలెను. పెట్టెకు తాళము వేయబడును. అభ్యంతరాలున్నాయా?"

రెండో వరసలో అత్తయ్య లేచింది. నోరు తెరిచింది, మాట రాలేదు. కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయింది.

"ఇప్పుడు భార్యాభర్తలిద్దరూనా!" అన్నారు అధ్యక్షుడుగారు.

దర్జీ మావయ్య ముఖం కేసి చూశాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

"ఇది నిజం!" అని అరిచి, అత్తయ్య పక్కన మోకాళ్ళ మీద కూలబడి నొక్కడం మొదలెట్టాడు. కూరల కొట్టావిడ అంబులెన్సుకి ఫోన్ చేసింది. లైబ్రరీ గుమస్తా అధ్యక్షుడుగారి చంక కిందనుంచి దూరి, తాళం పడకముందే పెట్టె లాక్కొచ్చాడు. పెట్టె నోరు విప్పింది: "దూరంగా జరగండి. షాకు ఇవ్వబడుతుంది." అధ్యక్షుడుగారు తాళంకప్పతో సహా చేతులు పైకెత్తి గోడకి అతుక్కుపోయారు.

ఇంతమందికి నేర్పిన మావయ్య మాత్రం కొయ్యబారిపోయాడు. గడియారం మీట నొక్కడం కూడా మర్చిపోయాడు. ఆయన్ని చూస్తే నాకు ఇంకా భయమేసింది. షాకిచ్చాక దర్జీ మళ్ళీ నొక్కుతుంటే అత్తయ్య మూలిగింది. అప్పుడు గుమస్తా, "నిమిషం యాభై, సార్" అన్నాడు ఏడుపుగొంతుతో.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఈవిడ గుండె సంగతి రెండేళ్ళుగా మీకు తెలుసు కదా?" అంది. మావయ్య తలూపాడు.

"మాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"ఒట్టేయించుకుందిరా. నలుగురూ జాలిగా చూస్తే భరించలేనంది."

అప్పుడు వెలిగింది నాకు. దర్జీ కొట్టుకి అత్తయ్య ప్రతి సోమవారం వెళ్తుంది. లైబ్రరీకి గురువారం. కూరలకి రోజూ. ఫొటో స్టూడియో మేడ మీదే ఆవిడ కుట్లు నేర్పే గది. అధ్యక్షుడుగారి గదిలో తప్ప, ఆవిడ వెళ్ళని చోట మావయ్య ఒక్కసారి కూడా పడలేదు. మళ్ళీ సిగ్గేసింది, ఈసారి నన్ను చూసి నాకే.

రెండు వారాలకి అత్తయ్య ఇంటికొచ్చింది.

"ఎవరికీ చెప్పనన్నారు. మాట మీద నిలబడ్డారండీ" అంది.

"నిలబడ్డానా? ఏడాదిపాటు పడ్డానే!"

"అందరిచేతా మాటలు కూడా పడ్డారు."

మావయ్య కళ్ళు చెమర్చాయి కాబోలు, తుడుచుకుందామని కళ్ళజోడు తీశాడు. అప్పుడే పరామర్శకని గుమ్మంలోకొచ్చిన అధ్యక్షుడుగారు అది చూసి, పళ్ళ సంచీ అక్కడే పడేసి, పెట్టె కోసం పరుగందుకున్నారు.