ఫ్రేము కట్టని ముఖాలు

నా తరగతికి నియమాలు తక్కువ. ఉన్నవాటికి మినహాయింపులు లేవు. పెన్సిళ్ళు ఇంటి దగ్గరే చెక్కుకుని రావాలి. ముఖం గీసేటప్పుడు కళ్ళను చివరికి ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీయాలి తప్ప ఫొటోను చూసి కాదు. డ్రాయింగు మాస్టారుగా పదవీ విరమణ చేసిన తరువాత గాజువాకలో మా ఇంటి మేడమీది గదిలో ప్రతి ఆదివారం పెద్దవాళ్ళకు ముఖచిత్రాలు నేర్పుతున్నాను. ఉత్తరపు కిటికీ వెలుగు, ఒక చెక్క కుర్చీ, సముద్రపు చెమ్మ తగలకుండా బీరువాలో దాచిన కాగితాలు. ఈ పనికి ఇంతకుమించిన సరంజామా అక్కర్లేదని నా అభిప్రాయం.

ఆ మధ్య ఒక యువతి చేరింది. ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపులో యంత్రభాగాల డ్రాయింగులు వేసే ఉద్యోగం ఆమెది. పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ వచ్చిపోతుంది. గీత శుభ్రంగా ఉండేది గానీ, ఆమె గీసిన చెంపలు కూడా లేత్ మిషను మీద తిప్పినట్టు ఉండేవి. ఎందుకు నేర్చుకోదలిచావని అడిగితే, తల్లి ముఖం గీయడానికని చెప్పింది.

"మా అమ్మ మొకం ఎవులూ సరిగ్గా సూడనేదు సార్. అందరూ ఆవిడ సేతులకేసే సూస్తారు," అంది. పొలంలోనో, వంటింట్లోనో తప్ప ఆవిడ ఊరికే కూర్చోగా ఇంట్లో ఎవరూ చూసి ఎరగరట.

నేను ఇంకా కళ్ళ పాఠానికి రాకముందే ఆమె ఓపిక తరిగింది. సెల్‌ఫోనులోని ఫొటో చూసి తల్లి బొమ్మ గీసి, నాకు చెప్పకుండా ఒక దుకాణంలో ఫ్రేముకిచ్చింది. నలుపు తెలుపుల్లో, పెద్ద సైజులో, ఒక ముసలామె ముఖం. మన ఇళ్ళలో అటువంటి పటం పోయినవారికే కట్టిస్తారు. కాబట్టి దుకాణదారుడు ఏమీ అడగలేదు, ఈమె ఏమీ చెప్పలేదు. అతను పైన చిన్న ఎర్రబల్బు బిగించి, గంధపు దండ వేసి, పాత పేపరులో చుట్టి ఇచ్చాడు. ఇంటి అరుగుమీద, ఇరుగుపొరుగుల ఎదుట, ఆమె ఆ పేపరు విప్పింది.

తల్లి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు దూరపు బంధువొకాయన పరామర్శకు వచ్చి, తలుపు తీసింది ఆవిడే కావడంతో, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడట. ఇక తన బొమ్మ గీయనని ఆవిడ కూతురిచేత ఒట్టు వేయించుకుంది.

ఆ పటాన్ని నా ముందు పెట్టి ఆమె ఇదంతా చెప్పింది. నేను దుకాణదారుడిని తప్పుపట్టలేకపోయాను. ఫొటోలో బిగుసుకుపోయిన ముఖాన్ని ఆమె మరింత జాగ్రత్తగా బిగించింది. అందులో ఊపిరి జాడ లేదు. ఆ మాటే చెప్పాను. తల్లిని గీయలేనప్పుడు ఎవరెవరి ముఖాలో గీసి ఏం లాభమని, తరగతి మానేస్తానని ఆమె అంది. ఒకసారి మీ అమ్మగారిని తీసుకురమ్మన్నాను.

తరువాతి ఆదివారం ఆవిడ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"బతికున్న మనిషికి దండేసీసినారు. ఇదేనా బాబూ మీరు సెప్పిన సదువు?"

బొమ్మవల్ల ఆయుష్షుకు హాని లేదని, మనిషిని ఎదురుగా చూసి గీస్తే అలా ఉండదని క్రమంగా వివరించాను. ఆవిడ అంతా విని, నేను గీసిన ముఖాలతో నిండిన గోడలవైపు చూసింది.

"వీటిల్లో మీ మొకం ఏదీ?"

లేదన్నాను. ఆ కుర్చీకి ఇవతలివైపే నా స్థానమని నేను ఎన్నడో నిశ్చయించుకున్నాను.

"మరైతే ముందు మీరు కూకోండి, మా పిల్ల గీస్తాది. మీకేటీ అవ్వకపోతే అప్పుడు నాను కూకుంటాను."

విద్యార్థులు నవ్వు ఆపుకున్నారు. నేను కూర్చున్నాను.

కదలకుండా ఎలా కూర్చోవాలో ఎందరికో చెప్పినవాడిని. ఆ సూచనలేవీ నాకు పనికిరాలేదు. మెడ పట్టేసింది. ఒక మనిషి అంత తిన్నగా, అంతసేపు నన్నే చూడడం ఇబ్బందిగా తోచింది. తల్లి కూతురి భుజం మీదుగా కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "అమ్మీ, ఆ గెడ్డం అంత గట్టిగా నేదు, సరిగ్గా సూడు. మాటే గట్టి," అంది. కూతురు నవ్వి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ నావైపు చూసింది. ఆ రోజే మొదటిసారి ఆమె గీత మెత్తబడింది.

మరుసటి ఆదివారం ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, జ్వరమేమైనా తగిలిందా అని విచారించి, కుర్చీలో కూర్చుంది. బొమ్మకు అద్దం, ఫ్రేము కూడదన్నది ఆవిడ షరతు. ఊరికే కూర్చోలేనని వెంట తెచ్చుకున్న చింతపండు ఒళ్ళో పెట్టుకుని గింజలు తీయసాగింది. కూతురు నుదురు, ముక్కు, దవడ గీసి ఆగింది. గింజలన్నీ తీయడం అయ్యాక ఆవిడ తలెత్తి, "అయిపోనాదేటి?" అని అడిగింది.

"నేదమ్మా. అలాగే నన్నే సూడు," అంది కూతురు. అప్పుడు కళ్ళు గీసింది.

ఆ బొమ్మ ఇప్పుడు పద్మనాభంలో వారి వంటింటి తలుపుకు గుండుసూదులతో గుచ్చి ఉందట. నాది నా గదిలో, మిగతా ముఖాల మధ్య, అలాగే గుచ్చి ఉంది. చెమ్మకు మూలలు పైకి లేస్తున్నాయి. నా విద్యార్థి ఒకతను దానికి మంచి ఫ్రేము కట్టించి తెస్తానన్నాడు.

ఇప్పుడే వద్దన్నాను.