రెండో గేరులో ఘాట్ రోడ్డు

కొండ రోడ్లను కొలవడం నా ఉద్యోగం. మలుపు ఎంత వంపు తిరుగుతుందో, ఆ వంపులో రోడ్డు లోపలి అంచు వైపుకు ఎంత వాలి ఉండాలో, వాననీరు ఏ పక్కకు జారిపోవాలో నాకు తెలుసు. పాచిపెంట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డును ఆఫీసు జీపులో, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని ఏళ్ల తరబడి ఎక్కి దిగుతున్నాను. స్టీరింగు పట్టుకుని మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. అందుకే వేసవిలో డ్రైవింగు నేర్చుకుని, శీతాకాలానికి ఒక ప్రయాణం అనుకున్నాను. సాలూరులో మా ఇంటి నుంచి బయలుదేరి ఘాట్ మీదుగా అరకు. అక్కడ రాత్రి బస. మర్నాడు పాడేరు చూసుకుని దిగుడు. మా ఆయన, మా అమ్మాయి, నేను. మా చిన్న కారు. నడిపేది నేను. మిగతా ప్రయాణమంతా ఆ ఒక్క సంగతి చుట్టూ అల్లుకున్నదే.

గ్రాఫు కాగితం మీద దారి ఎత్తుపల్లాలు గీశాను. తెల్లవారకముందే బయలుదేరితే ఘాట్ నడుమ మంచులో చిక్కుకుంటాం. ఎండ కాస్త కాశాక బయలుదేరితే మనం ఎక్కేకొద్దీ మంచు పలచబడుతుంది. పచ్చని పూల వలిసె చేల పక్కన రోడ్డు అంచు మెత్తన, బండి కిందికి దించకూడదు. ముందు బండిని దాటడానికి చాలినంత దూరం కనిపించే చోట్లు ఏవో గుర్తు పెట్టాను. కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అతికించాను. అక్కడ అతికించడంతోనే అది ఇంటిల్లిపాదిదీ అయిపోయింది.

అత్త ఆ కాగితం ముందు నిలబడి, మనుషులను వేళ్ల మీద లెక్కపెట్టింది.

"ముగ్గురే ఎల్తారేటి? ముగ్గురు కలిసి బయల్దేరకూడదమ్మా. ఎల్లిన పని అవదు."

ఈ అభ్యంతరం వస్తుందని ఊహించాను. ముగ్గురు వెళ్లక తప్పనప్పుడు మా పుట్టింట్లో ఒక రాయిని వెంట తీసుకుని నాలుగో మనిషి కింద లెక్కగట్టేవారు.

"రాయి పెట్టుకుంటాం అత్తా."

"రాయి స్టీరింగు తిప్పుతాదేటి?"

అప్పుడు అర్థమైంది. అభ్యంతరం ముగ్గురికి కాదు. మా ఆయన వైపు చూశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "పోనీ చిన్నాన్నను తోడు రమ్మందాం. ఆయనకి ఘాట్ అలవాటే కదా," అన్నారు.

ఆ సాయంత్రమే ఆ చిన్నాన్న, నాకు వరసకు మావయ్య, వచ్చాడు. చింతపండు వ్యాపారం మీద కొండ సంతలన్నీ తిరిగిన మనిషి. కాగితాన్ని దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా పట్టుకుని చూశాడు.

"ఇంజినీరు కోడలంటే ఇదీ. ఇంత బాగా ఏసిన ప్లాను ఒక్క బుల్లి కారుకి సరిపెట్టేత్తే ఎలాగమ్మా? అందరం ఎల్దాం."

అందరం అంటే మావయ్య, ఆయన భార్య, ఆవిడ చెల్లెలు, మా అత్త. కారు చాలదు కనుక జీపు. జీపు అద్దెకు వస్తుంది కనుక దానితోపాటు డ్రైవరు. ఒక్కొక్క మెట్టూ సక్రమమే. దేనిలోనూ తప్పు పట్టలేకపోయాను. పైగా, సామాన్లు ఎక్కడ పెడతారని నేను అడిగితే, ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పమన్నారు. చెప్పాను. ఇంతమందికి బస దొరకదంటే, దొరికే చోటు వెతకమన్నారు. వెతికాను. లోపం చూపించిన ప్రతిసారీ దాన్ని సరిదిద్దే పని నాకే వచ్చింది. సరిదిద్దిన కొద్దీ ఆ ప్రయాణం గట్టిపడింది. అందులో నేను నడిపే బండి లేకుండా పోయింది.

ఎండ ఎక్కాక బయలుదేరాలన్న మాట కూడా నిలవలేదు. అప్పుడు వర్జ్యమట.

"తెల్లారకముందు ఘాట్‌లో మంచు కమ్మేస్తుంది మావయ్యా. ముందు రోడ్డు కనిపించదు," అన్నాను.

"మంచు సూడ్డానికే కదేటి ఎల్తన్నాం," అన్నాడాయన. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, అది మరీ కష్టంగా అనిపించింది.

బయలుదేరే ముందు రోజు మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వెక్కడ కూర్చుంటావు?"

"మజ్జన," అంది అత్త. "వాంతుల కవర్లు మీ అమ్మకాడ ఉంటాయి. ఎవులికి కావాలంటే ఆలకి అందిత్తాది."

నేను బట్టలు మడతపెడుతున్నాను. మడత ఆపకుండానే అన్నాను: "నేను జీపులో రావడం లేదత్తా. మీ వెనకాల మన కారులో వస్తాను."

అత్త నా వైపు తిరిగింది.

"ఒక్కదానివేనా?"

"నేను అమ్మతో వెళ్తా," అంది మా అమ్మాయి.

"గుంటని ఆ బండెక్కించుకుంటావేటి?" అని అత్త నన్నే చూసింది. జవాబు ఆమెకు మా అమ్మాయి ముఖంలో కనిపించింది కాబోలు, మళ్లీ అడగలేదు. చివరికి మావయ్య షరతు పెట్టాడు: "మా ఎనకాలే రావాల. దాటీకూడదు. మాటియ్యి."

మాటిచ్చాను.

మర్నాడు చీకటితో బయలుదేరాం. మా ఆయన జీపు ముందు సీట్లో కూర్చున్నారు. దిగి మాతో రమ్మని నేను అడగలేదు.

మంచు నేను అనుకున్నచోటే కమ్మింది. జీపు వెనక ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. డ్రైవరుకు మెల్లగా పొమ్మని చెప్పి ఉంటారు. జీపు మనిషి నడక కంటే కాస్త వేగంగా కదులుతోంది. రెండో గేరు వేశాను. క్లచ్ పట్టు ఎక్కడ మొదలవుతుందో పాదానికి తెలుస్తోంది. మలుపుల్లో బండి రోడ్డు నడిమి గీత మీదికి పోలేదు, ఇంజను ఒక్కసారీ ఆగలేదు. నా చేతులు నేను అనుకున్నదానికంటే నిదానంగా ఉన్నాయి.

కాస్త తెల్లబడ్డాక జీపు వెనక అద్దంలో ఒక ముఖం కనిపించింది. అత్త. ముందుకు చూడకపోతే ఘాట్‌లో ఆమెకు కడుపులో తిప్పుతుంది. అయినా పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. అద్దానికి ఆవిరి పట్టినప్పుడల్లా చీర చెంగుతో తుడిచి మమ్మల్నే చూస్తోంది. ప్రతి మలుపు దగ్గరా అరచెయ్యి పైకెత్తుతోంది.

"నానమ్మ టాటా చెప్తోంది," అంది మా అమ్మాయి.

"టాటా కాదమ్మా. మెల్లగా రమ్మంటోంది."

ఒక తిన్నని చోట మంచు విడిపోయింది. తరవాతి మలుపు దాకా రోడ్డంతా ఖాళీగా, తడిగా, స్పష్టంగా కనిపించింది. దాటడానికి కావలసిన దూరం కంటే ఎక్కువే ఉంది. నా చెయ్యి గేరు మీదికి వెళ్లింది. జీపు వేగం పెంచలేదు, పక్కకు తప్పుకోలేదు. అద్దం వెనక అత్త అరచెయ్యి ఇంకా పైకే ఉంది. ముఖం పాలిపోయి, పెదవులు బిగించి, వాంతిని ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుని స్టీరింగు మీద పెట్టాను. మలుపు వచ్చింది, తిప్పాను.