చందానగర్ గడ్డానికి అమెరికా వైద్యం

1999 ఎండాకాలంలో అమెరికా డాక్టరు ఒకాయన, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, ఏడు సముద్రాల అవతల నుంచి చందానగర్‌లో ఉన్న మెర్సీ గడ్డాన్ని పరీక్షించి, జబ్బు పేరు చెప్పి, వైద్యం కూడా చెప్పాడు.

ఇందులో కొంత సవరించుకోవాలి. సముద్రాలు ఏడు కాకపోవచ్చు. ఆయన పరీక్షించింది కూడా మెర్సీని కాదు, వాళ్ళ దేశంలో ఎవరో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిని. అయితే ఆ వైద్యం పనిచేసింది మాత్రం చందానగర్‌లోనే. ఆ సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు.

మెర్సీ తన తల్లి కృపమ్మతోనూ, కృపమ్మ తండ్రి దానియేలుతోనూ చందానగర్‌లో ఉండేది. హైటెక్ సిటీలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి పంపాక, ఏం చూశారో ఏం రాసిచ్చారో గబగబా మైకులో చెప్పేస్తారు. అక్కడ పొద్దుగూకేసరికి ఆ గొంతులు ఇక్కడికి వచ్చి పడతాయి. మెర్సీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేసేది. కాలి కింద ఒక పెడల్ ఉండేది. ముందుకు నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వెనక్కి నొక్కితే అన్నమాటే మళ్ళీ అంటాడు. ఎంత పెద్ద డాక్టరైనా ఆమె బొటనవేలు చెప్పినట్టు వినవలసిందే.

పదహారో ఏట నుంచి ఆమె గడ్డం కింద, దవడల వెంట నల్లగా, మొండిగా వెంట్రుకలు వచ్చేవి. కృపమ్మ పసుపూ శనగపిండీ కలిపి నలుగు పెట్టీ పెట్టీ అలిసిపోయింది. వెంట్రుకలు మాత్రం అలవలేదు. రోజూ తెల్లారకముందే మెర్సీ స్నానాల గదిలో గంటసేపు అద్దం ముందు నిలబడి, ప్లక్కర్‌తో ఒక్కొక్కటే పీకేది. ఆఫీసు వ్యానులో ఎండ పడని వైపు కూర్చునేది. పనిలో మూల కుర్చీ అడిగి తీసుకుంది. ఎవరైనా దగ్గరికొస్తే రుమాలు గడ్డానికి అడ్డం పెట్టుకునేది. దాంతో ఆమెకు ‘జలుబు మెర్సీ’ అని పేరు పడింది. తోటివాళ్ళు జాలిపడి ఇచ్చిన విక్స్ డబ్బాలే ఆమె బల్ల మీద నాలుగుండేవి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఆమె హెడ్‌ఫోన్లలో ఆ డాక్టరు మాట్లాడాడు. నెలసరి రెండు మూడు నెలలకోసారి గాని రాదు. బరువు పెరుగుతోంది. గడ్డం మీద వెంట్రుకలు. స్కాన్‌లో అండాశయాల నిండా చిన్నచిన్న నీటి తిత్తులు. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్.

మెర్సీ పెడల్ వెనక్కి నొక్కింది. మళ్ళీ విన్నది. అలా అయిదుసార్లు. జబ్బు పేరుకన్నా ఆయన గొంతే ఆమెను పట్టేసింది. కూరగాయల బండివాడు వంకాయల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఇది చాలామంది ఆడవాళ్ళలో కనబడేదే అన్నాడు. లోపలికి మాత్రలు, వెంట్రుకలకు లేజర్ అన్నాడు. ఎనిమిదేళ్ళుగా లోకంలో తనొక్కతికే వచ్చిందనుకున్న దాన్ని ఆయన ఆవలిస్తూ చెప్పేశాడు.

రోగుల వివరాలు గడప దాటకూడదని కంపెనీ నియమం. మెర్సీ ఆ అమెరికా అమ్మాయి పేరూ ఊరూ అక్కడే వదిలేసింది. జబ్బు పేరు ఒక్కటే ఇంటికి తెచ్చుకుంది. ఆ వారమే కృపమ్మ ఆమెను స్కాన్‌కు తీసుకెళ్ళింది. కాగితం మీద అదే పేరు వచ్చింది. ఆడవాళ్ళ డాక్టరు మాత్రలు రాసి, రోజూ నడవమంది. వెంట్రుకల కోసం పంజాగుట్టలో కొత్తగా లేజర్ మిషన్ తెప్పించిన చర్మం డాక్టరమ్మ దగ్గరికి పంపింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో పెద్ద మాట వచ్చింది. ఇరవై మంది కొత్తవాళ్ళు చేరబోతున్నారు, వాళ్ళకు పని నేర్పడానికి మెర్సీ అయితేనే సరిపోతుందని టీమ్ లీడర్ వేణు అన్నాడు. ట్యూబులైట్ల కింద, బోర్డు ముందు, రెండు నెలలు. మెర్సీకి ఆ పని ఎంత ఇష్టమంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బీరువా తలుపును బోర్డు అనుకుని పాఠం చెప్పి చూసుకునేది. కాని ఇరవై జతల కళ్ళు? సోమవారం చెబుతానంది. శనివారం లేజర్ ఉంది కదా అన్న ధైర్యం.

శనివారం నాలుగింటికే లేచి, గడ్డం మీద ఒక్క వెంట్రుక లేకుండా పీకేసింది. పాస్టరు గారు ఇంటికొస్తున్నారంటే గచ్చు కడిగినట్టన్నమాట. డాక్టరమ్మ భూతద్దం దీపం పెట్టి అటూ ఇటూ వెతికింది.

“నన్నేం కాల్చమంటావమ్మా?” అంది.

లేజర్ వెంట్రుక నలుపును పట్టుకుని వేరు దాకా దిగుతుందట. మెర్సీ ఆ వేళ్ళన్నీ పీకి పారేసి వచ్చింది. ఆరు వారాలు పీకకూడదు, దారం పెట్టకూడదు, కావాలంటే రేజరు వాడుకోవచ్చు అంది డాక్టరమ్మ. మన చర్మపు రంగుకు ముందు చిన్న చోట పరీక్షించాలి, చాలాసార్లు రావాలి, లోపల జబ్బు ఉన్నంతకాలం కొన్ని మళ్ళీ మొలుస్తాయి అని కూడా దాచకుండా చెప్పింది.

ఆరు వారాలు. క్లాసు మూడు వారాల్లో మొదలు. ఆడపిల్ల రేజరు పడితే మీసాలతో సహా వస్తాయని కృపమ్మ బస్సులోనే తేల్చేసింది.

ఆదివారం పొద్దున, చర్చికి ముందు, దానియేలు వరండాలో కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని ముఖానికి నురగ పట్టిస్తున్నాడు. మెర్సీ వచ్చి స్తంభాన్ని ఆనుకుంది.

“తాతా, రేపు వేణు సార్‌కు వద్దని చెప్త.”

“ఎందుకు బిడ్డా?”

“గీకితే ఒత్తుగ వస్తదంట గద. అమ్మ అంటున్నది.”

దానియేలు టోపీ తీసి, తళతళలాడే తలను ఆమె ముందుకు వంచాడు.

“గీకితే ఒత్తుగ వచ్చేదుంటే నేను ఈడ పొద్దుగాల ఒకసారి, మాపున ఒకసారి గీకకపోదునా? ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, ఒక్కటి మొలుస్తలేదు.”

వంటింట్లో కృపమ్మ చేతిలోంచి గరిటె పడిన చప్పుడయింది. ఆ తరువాత ఆమె నవ్వు వినిపించింది. ఆ విషయమై ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

దానియేలు ముక్కాలిపీట జరిపి, కొత్త బ్లేడు బిగించి, విడి బ్రష్షు ఇచ్చాడు. వెంట్రుక ఎటు వాలితే అటే గీయాలని, చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి పట్టుకోవాలని నేర్పాడు. కాన్వెంటులో చదివే రోజుల్లో బిషప్‌కు గడ్డం గీసిన చెయ్యి ఇదని చెప్పాడు. ఆ బిషప్‌కు బొడ్డు దాకా గడ్డం ఉండేదని కిందటి వారమే ఆయనే చెప్పాడు. మెర్సీకి నవ్వొచ్చింది. నవ్వకు, తెగుతదని తాత కసిరాడు.

నాలుగు నిమిషాలు పట్టింది. మెర్సీ వేలితో దవడ తడుముకుంది. రోజూ గంటసేపు నొప్పితో చేసుకునే పని, నాలుగు నిమిషాల్లో, ఎండ పడే వరండాలో, నురగతో అయిపోయింది.

సోమవారం వేణుకు సరేనంది.

మూడు వారాల తరువాత ఇరవై మంది ముందు నిలబడింది. మొదటి అరగంట రుమాలు చేతిలోనే ఉంది. బోర్డు నిండింది, తుడిచే డస్టరు కనబడలేదు. మెర్సీ రుమాలుతోనే తుడిచేసింది. నల్లసిరా అంటిన ఆ రుమాలును ఇక ముఖం దగ్గరికి తీసుకుపోయే వీలు లేకపోయింది.

ఆరు వారాలు నిండాక ఆమె గడ్డం చూసి డాక్టరమ్మ సంతోషించింది. లేజర్ తగిలినప్పుడల్లా చీమ కుట్టినట్టు చురుకు, మాడిన వెంట్రుక వాసన. పదిహేను రోజులకు సబ్బు నురగతోపాటు వెంట్రుకలు రాలి వచ్చాయి. నాలుగోసారి అయ్యేసరికి వారానికొకసారి రేజరు తీస్తే చాలుతోంది. సాయంత్రాలు హఫీజ్‌పేట్ స్టేషను దాకా తల్లీ కూతురూ నడిచి వచ్చేవారు.

ఆ క్రిస్మస్‌కు శిష్యులంతా భోజనానికి చందానగర్ వచ్చారు. వాళ్ళలో పింకీ అనే అమ్మాయి తింటున్నంతసేపూ చున్నీ గడ్డం దాకా లాక్కుంటూనే ఉంది. దానియేలు అది చూశాడు. చూసి, అమెరికా డాక్టరుతో మొదలుపెట్టి, బిషప్‌ను కూడా వదలకుండా, ఈ కథంతా వాళ్ళకు చెప్పాడు. అందరూ పకపకా నవ్వారు. పింకీ మాత్రం నవ్వడం మరిచి విన్నది. తరువాత అందరూ మెర్సీ వైపు తిరిగారు.

మెర్సీ కిటికీ పక్కన, నిండా ఎండలో కూర్చుని ఉంది. లేచి వెళ్ళి, పంజాగుట్ట డాక్టరమ్మ చిరునామా రాసిన కాగితాన్ని మడిచి పింకీ పళ్ళెం కింద పెట్టింది. అప్పుడు అందరికీ వినబడేలా చెప్పింది.

“ఒక్క ముక్క నిజం లేదు. నాకు ఎన్నడూ గడ్డం లేదు. మా ఇంట్ల ఎవరికీ లేదు. మా తాతకు గూడ లేదు.”