జిందగడ మీద చెప్పిన పాఠం

మా పక్కింటి సోషల్ మాస్టారు పోయారని మొన్న ఉదయం అంబాజీపేటలో కొబ్బరి కొట్టు తెరుస్తుండగా కబురందింది. ఆయన బడిలో నేను చదువుకోలేదు. గుమస్తాగా చేరాక ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన పాత పుస్తకాలతో చదవడం నేర్చుకున్నాను. "అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, సిగ్గెందుకండీ" అనేవారు. నన్నెప్పుడూ "మీరు" అనే పిలిచారు.

ఆయన దగ్గర చదువుకున్న మీలో చాలామందికి ఆయన చెప్పిన పాఠం గుర్తుండే ఉంటుంది: తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైనది మహేంద్రగిరి. అప్పటి పుస్తకంలో అలాగే ఉండేది. రిటైరయ్యాక చూసిన కొత్త పుస్తకంలో అరకు వైపునున్న జిందగడ అని ఉంది. కొత్తపేట టీకొట్టు దగ్గర కనబడ్డ పాత శిష్యులందరికీ తప్పు చెప్పానని ఆయనే చెప్పుకున్నారు. వాళ్ళలో ఒకాయన, "మహేంద్రగిరి అని రాసి మార్కు కొట్టేసేనండి. ఇప్పుడది వెనక్కిచ్చేయాలా మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"అదీ చదివి చెప్పిందే, ఇదీ చదివి చెప్పిందేనండి. ఈసారి ఎక్కి చెప్తాను" అన్నారు నాతో, ఇంటికొచ్చాక.

మోకాళ్ళ నొప్పితోనే బయల్దేరారు. నన్ను తోడు రమ్మన్నారు. కాలవగట్టుకి మించి ఎత్తెక్కని మనుషులం. దాహానికని గెలంత బొండాలు గోనెసంచిలో వేసుకెళ్ళాం. కాఫీ తోటలు దాటేసరికి నా భుజం పడిపోయింది. దారి చూపడానికొచ్చిన ఆ కొండ రైతు సంచిలోకి చూసి, పైన ఊటనీళ్ళున్నాయి కదా అని నవ్వాడు. అక్కడే తన కత్తితో కొట్టిచ్చాడు. ముగ్గురం తాగేశాం. ఈ కొండ మొదట ఎక్కిందెవరని మాస్టారు అడిగారు.

"మా ఆవులు, బాబూ."

మాస్టారు కాగితం తీసి అలాగే రాసుకున్నారు.

పైన చెట్లు పోయి, నిట్టనిలువునా గడ్డి మొదలైంది. అక్కడ మాస్టారి మోకాలు మొరాయించింది. కూలబడ్డారు. ఇక్కణ్ణించి శిఖరం కనిపిస్తోంది కదా, చాలన్నాను.

"కనబడితే చాలదండి. నా కాలు దాని మీద పడాలి."

కొండకి వీపు పెట్టి, కూర్చునే, చేతులు నేలకి ఆనించి జానెడు జానెడు పైకి జరిగారు. ఎంత మిగిలిందో ఆయనకు కనిపించదు. మేం చెప్పబోతే వద్దన్నారు. చివరికి రైతే ఆగి అన్నాడు: "ఇంక పైన ఏం లేదు, బాబూ."

మాస్టారు లేచి నిలబడ్డారు. పంచె నిండా మట్టి. కనుచూపు మేర కొండలన్నీ ఆయనకంటే కిందే ఉన్నాయి. వాటికేసి తిరిగి, బడిలో గొంతుతో, "తప్పు చెప్పేనర్రా. కొట్టేసి రాసుకోండి. జిందగడ" అన్నారు. గాలికి కండువా ఎగిరిపోతున్నా పట్టుకోలేదు. చూపుడువేలు తన పాదాల కిందికి చూపిస్తూ అలాగే ఉండిపోయింది.