ఒత్తుల్లేని ‘ముటొదు’

దయ్యాల మాటెత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రొటీన్‌ను స్ఫటికంగా కట్టించి, ఎక్స్‌రేలతో దాని ఆకృతి తేల్చడం నా ఉద్యోగం. కంటితో చూసిందే నమ్ముతాను. ఇదీ కంటితో చూసిందే, అదే నా తంటా.

టేకులపల్లిలో మా నాన్న పటికబెల్లం చేసేవాడు. పాకం గిన్నెలో దారాలు వేలాడదీసి, గోనెపట్టా కప్పి, పైన ఓ కాగితం అంటించేవాడు: ‘ముటొదు’. ఉర్దూ బడిలో చదివినవాడు, ‘ముట్టొద్దు’ అని రాయాలన్నా తెలుగులో ఒత్తులు పెట్టడం ఆయనకు ఎన్నడూ రాలేదు. నేను పట్టా ఎత్తి తొంగిచూస్తే, “జల్దీ దించు బిడ్డా! చూస్తే సిగ్గుపడ్తది, పలుకు కట్టదు” అనేవాడు. ఆ గదిలో యాలకుల వాసన, ఆయన కూనిరాగం... ఎంత బాగుండేవి ఆ రోజులు!

నాన్న రక్తంలో హిమోగ్లోబిన్ అందరిలాంటిది కాదని పరీక్షల్లో తేలింది. “తీస్కో, నీ చదువుకైన పనికొస్తది” అని చేయి చాపి రక్తం ఇచ్చాడు. దాన్ని శుద్ధి చేసి ఎన్నిసార్లు ప్రయత్నించినా స్ఫటికం కట్టలేదు. ఈలోగా ఆయనే పోయాడు. మిగిలిన చివరి బొట్లను ఒక ట్రేలో పెట్టాను. అవీ పాడైతే ఇక నాన్న రక్తం ఎక్కడ దొరుకుతుంది?

నాన్న పోయిన నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థనకి ఊరికి వస్తూ, వదల్లేక ఆ ట్రేని వెంట తెచ్చుకున్నాను. చల్లగా ఉంటుందని పాకం గదిలో పెట్టాను. గంటకోసారి వెళ్ళి చూడడం, కదపడం. చివరికి నా మీద నాకే విసుగొచ్చి, గదికి తాళం వేసి, చెవి చున్నీకి ముడేసుకున్నాను.

మూడోరోజు మధ్యాహ్నం తలుపు తీస్తే, ట్రే మూతకు నేను అంటించిన తెల్ల టేపు మీద పెన్సిలుతో ‘ముటొదు’ అని ఉంది. నేను పెట్టినప్పుడు ఆ టేపు ఖాళీ. ఇంట్లో ఉన్నది అమ్మా నేనే. అమ్మకు తెలుగు రాయడం రాదు.

“అమ్మా, ఈ గది తెరిచినవా?”

“చెవి నీ చున్నీకే ఉండె గదనే!”

ముట్టకుండా మళ్ళీ తాళం వేశాను. తిరుగు ప్రయాణం రోజున చూస్తే, ఒక బొట్టులో కెంపురంగు స్ఫటికాలు. ఒక్కటైనా చాలనుకున్నదానికి నాలుగు! అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఎక్స్‌రేలు పడితే స్ఫటికం పాడవుతుంది. నాన్నను నా చేతులారా మళ్ళీ పోగొట్టుకుంటున్నట్టే అనిపించింది. అయినా పెట్టాను. ఆకృతి తేలింది.

ఆ అక్షరాలు ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనే రాసి మరిచిపోయానేమో అనుకుందామంటే, ఒత్తులు వదిలేసే అలవాటు నాకు లేదు.

తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు, మెలికలు మెలికలుగా ఉన్న ఆ ఆకృతి బొమ్మను ఫోనులో అమ్మకు చూపించి, నాన్న రక్తంలోదని చెప్పాను. అమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది.

“గిన్నేండ్లు కాపురం చేసిన. లోపల గింత సక్కగున్నడని ఒక్కనాడన్న చెప్పలే” అంది.