గుండ్రం కళ్లదా, చదరం కళ్లదా

ఆ రోజుల్లో బండి అంటే ఎద్దులబండే. పెట్రోలు తాగేదాన్ని బండి అనాలంటే ముందు ఏదో ఒక పేరు తగిలించాలి. అట్లా మా మామ కొన్నది పికప్పు బండి. ఎద్దు ఎందుకు కదలడం లేదో మాకు చూడగానే తెలిసేది. పికప్పు ఎందుకు కదలడం లేదో ఆళ్లగడ్డలో మా వీధి వీధంతా కూర్చుని మాట్లాడినా తెలిసేది కాదు. తెలియనిదాని మీద మాట్లాడడం మాత్రం ఎవరూ మానలేదు. నాకప్పుడు మీసం వచ్చీ రాని వయసు. చదువు లేదు, డ్రైవింగు వచ్చు. మొదటిది లేదన్న దిగులు నాకు లేదు గానీ రెండోది ఉందన్న పొగరు మాత్రం బాగా ఉండేది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మంచివాడే. కానీ ఒకసారి ఒక మాట అనుకున్నాడంటే, అది తప్పని తెలిసినా దాన్ని నడిరోడ్డులో వదిలేసి రావడం మర్యాద కాదనుకునే రకం. దొర్నిపాడు వైపు పల్లెల నుంచి తెల్లారకముందే సైకిళ్ల మీద పాలు మామ ఇంటికి వచ్చేవి. వాటిని క్యాన్లకు ఎత్తి, ఎండ ఎక్కకముందే నంద్యాలలో హోటళ్లకూ మిఠాయి అంగళ్లకూ చేర్చడం మా పని. బండి వేళకు కదిలితే అవి పాలు. కదలకపోతే మధ్యాహ్నానికి అవి ఏమిటో చెప్పడానికి మాట లేదు, వాసన ఉంది. బండి వెనక చెక్క మీద మామ ఒక పెయింటరు చేత పెద్ద పెద్ద అక్షరాలు రాయించాడు. అది మామ పేరే అయ్యుంటుందని నేను అనుకునేవాణ్ణి. (అడిగితే నాకు చదవడం రాదని బయటపడుతుందని అడగలేదు. నాకు చదవడం రాదని ఊరందరికీ తెలుసు. వాళ్లకు తెలుసన్న సంగతి నాకు తెలియదు.)

బండి ఏ కంపెనీదో చెప్పను. అప్పుడు ఆ పేరు చదవడం రాలేదు, ఇప్పుడు వచ్చినా కంపెనీల వాళ్లతో తగాదా నాకెందుకు. లైట్లు గుండ్రంగా ఉండేవి కాబట్టి గుండ్రం కళ్లది అనేవాళ్లం. మొదట్లో దాన్ని ఇంటి పక్క వామిదొడ్డిలో, గడ్డివాము చాటున నిలబెట్టేవాళ్లం. తాళం తిప్పితే చాలు, పిలిచినట్టు పలికేది. అయితే ఇంత పెట్టి కొన్న బండి గడ్డి చాటున ఉంటే ఎవరికి కనపడుతుందని మామకు ఒకరోజు దిగులు పుట్టింది. తెచ్చి వాకిట్లో, ముఖం తలుపు వైపు ఉండేట్టు నిలబెట్టించాడు.

"వాకిలంతా ఇదే పండుకునింది, కళ్లాపి యాడ చల్లాల నేను?" అంది అత్త.

"ముందరా, కిందా చల్లుకో. అదేమన్నా కరుస్తాదా?" అన్నాడు మామ.

అత్త ఆ మాట పట్టుకుంది. ఆమె పని ఏదైనా సగం చేసే మనిషి కాదు. వాకిట్లో చెయ్యెడు నేల పొడిగా ఉన్నా ఆమెకు తెల్లారినట్టు ఉండదు. పొద్దున్నే పేడనీళ్ల చెంబు పట్టుకొని గడప దిగి, బండి కిందికి అందేట్టు వంగి, చెయ్యి వెనక్కి లాగి కొట్టేది. ఆ చప్పుడుకే నేను నిద్ర లేచేవాణ్ణి.

బండికి జబ్బు చేసింది కూడా ఆ రోజుల్లోనే. పొద్దున్నే తాళం తిప్పితే గురక పెట్టినట్టు మూలిగి ఊరుకునేది. పాలు తెచ్చినవాళ్లంతా సైకిళ్లు గోడకు ఆనించి వెనక నుంచి తోసేవాళ్లు. నేను స్టీరింగు పట్టుకొని ముందుకు చూస్తూ, ఇదంతా నాకు సంబంధం లేనట్టు కూర్చునేవాణ్ణి. వీధి చివరికి తోసి, మళ్లీ వెనక్కి తోసి, ఆఖరికి మేస్త్రీకి కబురు పంపేవాళ్లం. ఆయన తన టీ తాను తాగి, ఎండ బానెట్టు మీద పడే వేళకు వచ్చేవాడు. మూత ఎత్తి, చూసి, గుడ్డతో ఒక వైరు తుడిచి, మూత దించి "కొట్టబ్బీ" అనేవాడు. తాళం తిప్పి కొట్టగానే బండి లేచేది.

"ఏమైందన్నా దీనికి?" అని మామ అడిగితే, "ఏమీ కాలా" అనేవాడు మేస్త్రీ. కొన్నాళ్లకు ఆయనకే ఎట్లాగో అనిపించింది. "ఏమీ చేయకుండా దుడ్లు తీసుకోవాలంటే నాకే ఒక మాదిరిగా ఉందప్పా" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "నీ చెయ్యి అట్లాంటిదిలే, తీసుకో" అని జేబులో పెట్టాడు. అప్పటి నుంచి ఆయన పేరు హస్తవాసి మేస్త్రీ అయింది.

ఇక సలహాలు మొదలైనాయి. నల్లమల వైపు నుంచి చలిగాలి తగిలి ఇంజను బిగుసుకుపోతోందని ఒకరు. ముఖం పడమరకు ఉంది, తూర్పుకు తిప్పమని ఒకరు. మమ్మల్ని ఇంకా తికమక పెట్టింది ఏమిటంటే, ఎప్పుడైనా పొద్దుపోయి నంద్యాలలోనే నిలబడిపోతే, మరునాడు పొద్దున ఆ బండే తాళం చూపించగానే లేచేది. "అత్తగారింట్లో అల్లుడి మాదిరి, బయట ఊళ్లో అయితే ఎంత అణకువ చూడు" అన్నాడు మామ. నంద్యాల పెట్రోలు పడింది, ఆళ్లగడ్డ పెట్రోలు పడలేదని నేను చెప్పాను. (నేను పోయించేది రెండు ఊళ్ల మధ్య ఒకే ఒక బంకులో. ఈ సంగతి నాకూ తెలుసు, మామకూ తెలుసు. అయినా ఇద్దరం కాసేపు నమ్మాం.)

మళ్లీ ఒకనాడు పాలు విరిగాయి. నంద్యాల మిఠాయి అంగడాయన "రేపట్నుంచి వేళకు వస్తేనే రాండి, లేకుంటే వేరే వాళ్లను చూసుకుంటా" అనేశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మామ తీర్పు చెప్పాడు.

"ఈ కంపెనీయే సరి లేదు. దీన్ని అమ్మేసి చదరం కండ్లది తెస్తాం."

"కండ్లు మారిస్తే కాళ్లు కదుల్తాయా?" అంది అత్త, చారు పోస్తూ.

"అది వేరే కంపెనీది మేయ్. నమ్మకమైన బండంట, అందరూ అంటాండారు."

"దీన్ని తెచ్చినప్పుడూ అందరూ ఇదే మాట అన్న్యారు. సరే, దీన్నమ్మితే అది వస్తాదా? తక్కిన దుడ్లు యాడివి?"

మామ ముద్ద కలుపుతూ, కంచంతో చెప్పినట్టు చెప్పాడు. "దొర్నిపాడులో నీ మడి ఉంది గదా."

అత్త గరిటె ఆగిపోయింది. ఆ మడి ఆమెకు వాళ్ల నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చింది. మేం తినే వడ్లు ఆ మడివే. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకునేది అదొక్కటే. ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఆ బండి గూడా నిలబడితే అప్పుడేం అమ్ముతావు?" అని మాత్రం అడిగింది. మామ మజ్జిగ అడిగాడు.

మరుసటి వారం అత్త వాళ్ల అన్నతో మాట్లాడాలని దొర్నిపాడు పోయింది. ఇంట్లో నేనూ మామా మిగిలాం. కూడు ఉడకేసుకోవడమే మాకు గండంగా ఉంటే ఊడ్చేది ఎవరు, చల్లేది ఎవరు. ఆ నాలుగు రోజులూ బండి చెప్పినట్టు విన్నది. మామకు ఆశ్చర్యం. "అమ్ముతామని తెలిసి బుద్ధొచ్చిందిరా దీనికి" అన్నాడు. అయితే అమ్మొద్దు కదా మామా అని నేనంటే, "ఇప్పుడు బుద్ధొచ్చిందంటే ఇన్నాళ్లూ కావాలనే చేసిందని గదా. ఇంక దీన్ని అసలు ఉంచుకోకూడదు" అన్నాడు. ఆ మాటలో ఏదో తప్పు ఉందని అనిపించింది గానీ ఎక్కడుందో దొరకలేదు.

అత్తను తీసుకురావడానికి బండేసుకొని దొర్నిపాడు నేనే పోయాను. దారిలో ఊరికే ఉండలేక చెప్పాను. "నువ్వు లేని ఈ నాలుగు రోజులూ బండి బలే పలికిందత్తా. ఒక్క పొద్దు గూడా తోయించుకోలా."

"అట్నా?" అంది.

"నీ మీదే దానికి కోపమున్నట్టుంది."

ఆమె నవ్వలేదు. బండి ముందు భాగం వైపే చాలాసేపు చూస్తూ కూర్చుంది. తర్వాత, "నేను లేకుంటే వాకిలి ఎవురు చల్లినారు?" అని అడిగింది. ఎవరూ చల్లలేదన్నాను. వాకిలి పాడుపెట్టినందుకు తిడుతుందేమో అనుకున్నాను. నిదానంగా తోలమని మాత్రం అంది.

ఆ సాయంత్రమే నంద్యాల నుంచి బండ్ల బ్రోకరు చదరం కళ్లదాన్ని తోలుకొని వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, సెంటు. "దీనికి పికప్పు శానా బాగుంటాదన్నా" అన్నాడు.

మామ బండి వెనక్కి పోయి తొట్టి కొలిచినట్టు చూసి వచ్చాడు. "మా దానికన్నా జానెడు తక్కువే ఉంది గదప్పా."

"అది గాదన్నా. పికప్పు అంటే లాగుడు. కాలు పెడితే దూకేది."

"అయితే పికప్పులో ఇంకో పికప్పు ఉంటాదా?" అన్నాడు మామ. బ్రోకరు నా వైపు చూశాడు. నేను తెలిసినవాడి మాదిరి తల ఊపాను. నాకూ ఆ క్షణమే తెలిసింది.

మామ పరీక్ష పెట్టాడు. చదరం కళ్లది ఆ రాత్రి మా వాకిట్లో, మా బండి నిలబడే చోటే నిలబడాలి. పొద్దున్నే తాళం తిప్పితే లేవాలి. లేస్తే మడి బేరం, బండి బేరం రెండూ ఖాయం. బ్రోకరు నవ్వి, మా ఇంట్లోనే పండుకున్నాడు. మా గుండ్రం కళ్లదాన్ని నేను తోలుకుపోయి వామిదొడ్డిలో పెట్టాను.

తెల్లారింది. కళ్లాపి చప్పుడుకు లేచాను. రోజూ వినే చప్పుడు కాదది. చూస్తే అత్త చేతిలో చెంబు లేదు, బకెట్టు ఉంది. కొత్త బండి ముఖాన ఉన్న జాలీకి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో ఎత్తి కొడుతోంది. బకెట్టు ఖాళీ చేసి, వంగి బండి కింద పొడినేల ఏమైనా మిగిలిందా అని చూసి, రెండో బకెట్టు తెచ్చింది.

పాలవాళ్లు వచ్చారు. బ్రోకరు తల దువ్వుకొని బండెక్కి తాళం తిప్పాడు. మూలిగింది. మళ్లీ తిప్పాడు. మా బండి మూలిగినట్టే, ఇంకా చెప్పాలంటే అంతకన్నా దీనంగా మూలిగి ఊరుకుంది. మామ అరుగు మీద నుంచి లేచాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"మన బండి రోగం దీనికీ అంటుకునిందిరా" అన్నాడు నాతో.

బ్రోకరు దిగి బానెట్టు ఎత్తాడు. లోపల ఇంజను మీద నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. వైర్ల మీద గడ్డిపోచలు వేలాడుతున్నాయి. ఆయన తెల్ల చొక్కా చేతి మీద ఒక చుక్క పడింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు.

"ఏందన్నా ఇది? ఇంజనుకు కళ్లాపి చల్లినారా? కరెంటు పుట్టే కాడ తడి తగిల్తే ఏ కంపెనీ బండన్నా లేస్తాదా?"

మామ అత్త వైపు చూశాడు. అత్త బకెట్టు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ముందరా, కిందా చల్లుకోమని నువ్వే గదా అన్న్యావు" అంది.

పాలవాళ్లలో ఎవరో ముందు నవ్వారు. నేను నవ్వు ఆపుకోలేక వామిదొడ్డిలోకి పరిగెత్తి, మా గుండ్రం కళ్లదానికి తాళం తిప్పాను. ఎప్పుడూ జబ్బే చేయనట్టు లేచింది. ఆ రోజు పాలు నంద్యాలకు వేళకన్నా ముందే చేరాయి. మిఠాయి అంగడాయన పాలు చూడకుండా నన్ను చూశాడు.

బ్రోకరు తన బండి ఆరేదాకా అరుగు మీద కూర్చొని, అత్త పెట్టిన ఉగ్గాని తిని పోయాడు. రాత్రి అన్నం దగ్గర మామ, తనకు తానే అప్పుడే ఆలోచించి తేల్చినట్టు చెప్పాడు. "బండి మార్చేది లేదు. జాగా మారుస్తాం." అత్త చారు పోసింది. మడి మాట మళ్లీ ఆ ఇంట్లో రాలేదు. హస్తవాసి మేస్త్రీ మాత్రం కొన్నాళ్లు మా వీధిలోకి రాలేదు, తీసుకున్న దుడ్లు అడుగుతామేమో అని.

చాలా ఏళ్లకు, మామ పోయిన తర్వాత, ఒకరోజు అత్త చేటలో బియ్యం ఏరుతుంటే అడిగాను. "ఆ పొద్దు చెంబు ఇడిసిపెట్టి బకెట్టు ఎందుకు ఎత్తుకొస్తివత్తా?"

"చెంబు కారిపోతాండె అబ్బోడా" అంది, తల ఎత్తకుండా. ఆ చెంబు అప్పుడు కూడా ఆమె పక్కనే, నిండా నీళ్లతో ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోన్లలో రెండు కంపెనీల బండ్లు పక్కపక్కన పెట్టుకొని, ఏది నమ్మకం, ఏది కాదు అని తగవు పడుతుంటారు. నన్ను అడిగితే నేను ఒకటే అడుగుతాను, రాత్రిపూట దాన్ని యాడ నిలబెడతారని. ముసలాయనకు మతి పోయిందనుకొని మళ్లీ ఫోన్లోకి పోతారు.

నేను అక్షరాలు నేర్చుకున్నది పెళ్లయి పిల్లలు పుట్టాక, రాత్రిబడిలో. గుణింతాలు దాటి, ఒత్తులు కూడా కాస్త పట్టుబడిన రోజుల్లో దొర్నిపాడు మడికి పోయాను. మా గుండ్రం కళ్లది అప్పటికే పాత ఇనుముకు పోయింది. దాని వెనక చెక్కను మాత్రం అత్త ఊడదీయించి తన మడి కంచెకు తలుపుగా పెట్టించుకుంది. రంగు సగం పోయి ఉంది. ఇంతకాలం మామ పేరు అనుకున్న ఆ అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ, పెదవులు కదిలిస్తూ కూడబలుక్కున్నాను. 'పాలు. అత్యవసరం.' రెండో మాట దగ్గర ఒత్తు నన్ను చాలాసేపు నిలబెట్టింది. చదవడం అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాను. అంత అవసరమైన బండిలో, వెనక పదిమంది తోస్తుండగా, వీధి ముందర తలెత్తుకొని స్టీరింగు పట్టుకున్న ఒక పొగరుబోతు కుర్రాడు కనిపించాడు. వాడికి వెనక ఏం రాసుందో తెలియదు, ముందర ఏం చల్లుతున్నారో తెలియదు. వాణ్ణి చూసి నవ్వుకొని, అత్త కంచె తలుపును జాగ్రత్తగా దగ్గరికి వేసి వచ్చాను.